పదకొండు మలుపులు

అర్ఫా, ఆ గుమ్మంలో కూర్చుంటే నా మాట నీకు సగమే వినపడుతుంది. ఇలా మంచం దగ్గరికి జరుగు. ఇంకొంచెం. నా గొంతు ఇదివరకటిలా లేదు, పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. మీ అమ్మ నస్రత్‌కి సగం తెలుసు. మిగతా సగం నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మీ తాత ఇమాం హుస్సేన్ పోయేటప్పటికి నీకు ఆరేళ్ళు. నీకు ఆయన తెల్ల గడ్డమూ, జేబులో బెల్లం ముక్కలూ తప్ప ఏం గుర్తుంటాయి? నేను చెప్పేది అంతకు ముందు మాట. నువ్వు ఇంకా మీ అమ్మ కడుపులో ఉన్నావు.

పరుపులు కుట్టడం మా పని, మా పెద్దవాళ్ళ పని. పరుపు రెండు మూడేళ్ళు వాడితే లోపల దూది గడ్డలు కడుతుంది. దాన్ని విప్పి, దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ గుడ్డలో నింపి కుట్టాలి. విల్లంటే బాణం వేసేది అనుకునేవు. మనిషంత పొడుగు కర్ర, దానికి బిగించి కట్టిన నరం. ఆ నరాన్ని దూదిలో పెట్టి చెక్క గుండుతో కొడితే టంయ్ టంయ్‌మని మోగుతుంది, గడ్డ కట్టిన దూది విడిపోయి పొగలా పైకి లేస్తుంది. ఏకడం ఆయన పని, కుట్టడం నా పని. మిరప కోతలై రైతుల చేతిలో డబ్బు ఆడే రోజుల నుంచి పెళ్ళిళ్ళు అయిపోయేదాకా మేము ఇంట్లో ఉన్నది తక్కువ. ఎడ్ల బండిలో విల్లు, దూది మూటలు, వంట గిన్నెలు వేసుకుని మార్టూరు నుంచి అద్దంకి దాకా ఊరూరా తిరిగేవాళ్ళం. మీ అమ్మ ఆ దూది మూటల మధ్యే పెరిగింది. ఏ ఊళ్ళో వేపచెట్టు కింద ఆగితే అదే మా ఇల్లు. ఆయన ఏకుతుంటే నేను ఎదురుగా కూర్చుని కుట్టేదాన్ని. దూది ఎగిరి ఇద్దరి కనుబొమల మీదా తెల్లగా వాలేది. నన్ను చూసి ఆయన, ఆయన్ను చూసి నేను నవ్వుకునేవాళ్ళం, ఇద్దరం ముసలివాళ్ళమైపోయామని. ఇరవై ఎనిమిదేళ్ళు అలా తిరిగాం.

ఎడ్ల బండి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా అక్కడే ఉంది. బాటలో ఒక చక్రం గాడిలో దిగి బండి ఎడమకి ఒరిగిందనుకో, మీద కూర్చున్నవాళ్ళు వెంటనే కుడి పక్కకి జరగాలి. జరగకపోతే బండి తిరగబడుతుంది. అన్నేళ్ళలో అది నాకు ఎంత అలవాటైందంటే, బండిలో నిద్రపోతున్నా నా ఒళ్ళు దానంతటదే జరిగేది.

తొంభై ఎనిమిదిలో వానాకాలం చివర మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. ఒంటి ఎద్దుతో ఏం చేస్తాం? దాన్నీ బండినీ మా ఊరి రైతు చెంచురామయ్య గారికి ఇచ్చేశారు మీ తాత. అద్దంకిలో ఒక పంతులు గారి దగ్గర పాత మోటారు సైకిలు కొన్నారు. నల్లది, దున్నపోతు వీపంత ట్యాంకు. చెంచురామయ్య గారి అబ్బాయి వీరాంజనేయులు రెండు రోజులు పొలం బాటలో నేర్పాడు. ఆ బాట తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. రెండో రోజు సాయంత్రానికి తిన్నగా పోవడం ఆయనకి వచ్చేసింది. యాభై ఏళ్ళ మనిషి, మీసం దువ్వుకుంటూ ఇంటికి వచ్చారు.

"రహీమా, రేపు పొద్దున్నే ఎక్కు. ఎడ్లకి గడ్డి లేదు, నీళ్ళు లేవు. తన్నితే లేస్తది, తిప్పితే పోతది!"

నా పేరు రహిమున్నీసా అయినా ఆ మనిషి నోట ఎప్పుడూ రహీమాయే.

మా ఊరి నుంచి తారురోడ్డుకి నాలుగు మైళ్ళు. అక్కడిదాకా మా ఊరి రోడ్డు వేసినవాళ్ళు ఎవరి పొలమూ కొయ్యకుండా గట్ల వెంబడి వేశారు. అందుకని ప్రతి పెద్ద రైతు పొలం దగ్గరా ఒక మలుపు. మొత్తం పదకొండు. మర్నాడు నేను కొత్త చీర కట్టుకుని, రెండు కాళ్ళూ ఒక పక్కకి వేసి, దూది మూట ఒళ్ళో పెట్టుకుని వెనకాల కూర్చున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఆ చూపులకి నాకు పెళ్ళినాటి కంటే ఎక్కువ సిగ్గేసింది.

మొదటి మలుపు ఎడమకి. ఆయన ఎడమ పిడిని తన వైపుకి లాగారు, ఎడమ పగ్గం లాగితే ఎద్దులు ఎడమకి తిరుగుతాయి కదా, అలా. మోటారు సైకిలు ఎటో ఒరిగింది. ఒరిగింది కదా అని నా ఒళ్ళు ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ రెండో పక్కకి జరిగింది, మూటతో సహా. అంతే. రోడ్డు అటు పోయింది, మేము ఇటు పోయి మిరప చేలో పడ్డాం. నా మోచెయ్యి రాయికి కొట్టుకుని చీరుకుపోయింది. దూది మూట పగిలి చేనంతా తెల్లగా అయింది. పక్క పొలంలో పత్తి తీస్తున్న వెంకటరావమ్మ నడుం నిలబెట్టి కేక వేసింది.

"ఏం వదినా! మీ ఆయన పత్తి పంట మిరప చేలో వేశాడే!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. తన చొక్కా అంచుతో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, రక్తం ఆగేదాకా వదల్లేదు. ఇంటికి నడిపించుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, ఒకే మాట అన్నారు.

"ఇక నువ్వు ఇంటికాడ ఉండు. ఇది ఇద్దర్ని మోయదు."

ఆ రోజు నుంచి ఆయన ఒక్కరే వెళ్ళడం మొదలుపెట్టారు. విల్లును పక్కన పొడుగ్గా కట్టుకుని, దూది మూట వెనకాల నేను కూర్చోవలసిన చోట కట్టుకుని, తెల్లారగానే వెళ్ళేవారు.

అర్ఫా, నీకు ఎలా చెప్పను. ఇల్లు కట్టుకున్న ఇరవై ఎనిమిదేళ్ళకి ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటం నాకు అప్పుడే కొత్త. మీ అమ్మకి పెళ్ళై గుంటూరు వెళ్ళిపోయింది. పొద్దున తొమ్మిదికల్లా పని అయిపోయేది. తర్వాత ఏం చెయ్యాలి? నా సూది దబ్బనమంత ఉంటుంది, దాన్ని తీసి నూనె రాసి మళ్ళీ పెట్టేదాన్ని. మధ్యాహ్నం కునుకు పడితే ఆ నరం చప్పుడు వినపడేది. లేచి చూస్తే ఏమీ లేదు, పక్కింటి గేదె గొలుసు. సాయంత్రం ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే నేను వెళ్ళి దాని మీది దూది పోగులు ఒక్కొక్కటే ఏరేదాన్ని. దులిపితే ఒక్క నిమిషంలో పోతాయి. నేను దులపలేదు, ఏరేదాన్ని.

పోనీ ఆయన తొందరగా వచ్చేవారా అంటే, రోజు రోజుకీ ఆలస్యం. ఎడ్ల బండి వచ్చే వేళ కూడా దాటిపోయేది. అంత పెద్ద మోటారు సైకిలు ఎద్దుల కంటే మెల్లగా ఎలా వస్తుంది? అడిగితే, "పని ఎక్కువుందే" అనేవారు. ఒకసారి సంతలో కలిసిన పక్క ఊరి ఆవిడ, "ఏం రహీమా, రావడం మానేశావు? మీ ఆయన కుట్లు చూశావా, కోడి కెలికినట్టు ఉన్నయ్యి" అంది. ఆ మాటకి నాకు లోపల సంతోషం వేసింది. వెంటనే దిగులూ వేసింది. కుట్లు అంత చెడ్డగా ఉన్నా, నన్ను రమ్మనలేదే ఈ మనిషి! నేను లేకుండా తిరగడం హాయిగా ఉందేమో. ఇన్నేళ్ళూ బండిలో చోటు ఉంది కాబట్టి తీసుకెళ్ళాడా, చోటు లేకపోతే నేను అక్కర్లేదా? ఆ ఆలోచన ఒకటి పట్టుకుంది నన్ను. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే.

మా ఇంటి ముందే, ఊళ్ళోకి పోయే వైపు, వీధి మలుపు తిరుగుతుంది. పాల జోసఫ్ రోజూ పొద్దున్నే అటే వెళ్ళేవాడు. ఇంటింటా పాలు పోయించుకుని డెయిరీకి తీసుకెళ్ళే పని అతనిది. మోటారు సైకిలుకి రెండు పక్కలా రెండేసి పాల క్యాన్లు. ఒక రోజు ఒక క్యానుకి మూత లేదు. అలాగే వచ్చి, మా ఇంటి ముందు ఒక పక్కకి వంగి మలుపు తిరిగి వెళ్ళాడు. నేను ముగ్గు చెంబుతో అక్కడే ఉన్నాను. అంచుదాకా ఉన్న పాలు ఒక్క చుక్క కింద పడలేదు. మర్నాడు అడ్డంగా నిలబడి ఆపాను.

"జోసఫూ, నీ పాలు ఎందుకు తొణకవురా?"

అతను బెదిరిపోయాడు. "అక్కా, నేనేం నీళ్ళు కలపలేదు. ఏసు మీద ఒట్టు!"

"నీళ్ళ మాట ఎవడడిగాడు? మలుపు తిరిగావు కదా, ఒరిగావు కదా, పాలు ఎందుకు పడవు?"

అప్పుడు ఊపిరి తీసుకుని నవ్వాడు. "ఒరిగితేనే పడవక్కా. బండి ఒరిగితే పాలు దాంతో పాటే ఒరుగుతయ్యి. నిటారుగా పెట్టి తిప్పావనుకో, క్యాను తిరుగుద్ది, పాలు తిరగవు. బయటికి దూకుతయ్యి."

"ఒరిగితే మనిషి పడడూ?"

"ఒరగకపోతేనే పడతాడు. వెనకాల కూర్చున్నోళ్ళు రెండో పక్కకి జరిగితే ఇంకా తొందరగా పడతారు."

అంటే ఆ రోజు మమ్మల్ని పడేసింది నేను. ఆయన సంగతి తర్వాత, ముందు నా ఒళ్ళు. నేను సరిగ్గా కూర్చోవడం నేర్చుకుంటే, పడనని చూపిస్తే, నన్ను తీసుకెళ్ళకుండా ఎలా ఉంటాడు? తీసుకెళ్ళకపోతే అప్పుడు తెలుస్తుంది, నేను అక్కర్లేదని.

"నాకు కూర్చోవడం నేర్పరా" అన్నాను.

"నా వెనకాల కూర్చోబెట్టి నేర్పితే మీ ఆయన నా క్యాన్లు తీసుకెళ్ళి కాలవలో వేస్తాడు. తోలడం నేర్చుకోక్కా. తోలడం వస్తే కూర్చోవడం దానంతటదే వస్తది."

"నేనా? తోలడమా?"

"ఎడ్లు తోలలేదూ?"

తోలాను. ఆయనకి జ్వరం వస్తే అద్దంకి దాకా నేనే తోలాను. ఆ మాటతో నా నోరు మూయించాడు.

ప్రతి శుక్రవారం మీ తాత నమాజుకీ, పరుపు గుడ్డ కొనడానికీ పొద్దున బస్సులో చిలకలూరిపేట వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేవారు. ఇంట్లో మోటారు సైకిలు పెట్టుకుని బస్సెందుకు ఎక్కుతాడో నేను ఆలోచించలేదు చూడు. నేను దాన్ని తోసుకుంటూ ఊరి బయట చెంచురామయ్య గారి కల్లానికి తీసుకెళ్ళేదాన్ని. మిరపకాయలు ఎండబోసే రోజులు. కల్లమంతా ఎర్రగా కుప్పలు, వాటి మధ్య నడవడానికి దారులు. ఒక పక్క వెంకటరావమ్మా, ఇంకో ఇరవై మంది ఆడవాళ్ళూ కూర్చుని రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు ఏరుతుంటారు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి మోటారు సైకిలు ఎక్కితే వాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ఏమే వదినా, పరుపులు మాని పోలీసుల్లో చేరతన్నావా?"

"చూసి తోలే! కాయల మీదికి పోనిచ్చావంటే ఊరూరంతా తుమ్ముద్ది!"

"మా ఆయనతో చెప్పకండర్రా" అని దండం పెట్టాను.

వెంకటరావమ్మ లేచి నిలబడి అందరి వంకా వేలు చూపించింది. "ఎవతైనా నోరు విప్పిందా, రేపు కల్లంలోకి రానివ్వను. అదే నేర్చుకుంటే రేపు మనల్ని ఎక్కించుకుని తిప్పుద్ది."

తిన్నగా పోవడం ఒక్క పూటలో వచ్చింది. మలుపుల దగ్గరే నా తల తిరిగిపోయింది. జోసఫ్ పాలు పోసి వచ్చి, కుప్పల మధ్య నిలబడి అరిచేవాడు.

"ఎడమకి పోవాలంటే ఎడమ చేత్తో పిడిని ముందుకు నెట్టక్కా! మెల్లగా!"

"నెడితే కుడికి పోతది కదరా!"

"పోదు! నెట్టి చూడు!"

"పగ్గం లాగితే కదా ఎద్దు తిరిగేది!"

"ఇది ఎద్దు కాదక్కా తల్లీ!"

నెట్టాను. ఏం మాయో, మోటారు సైకిలు ఎడమకే ఒరిగింది, ఎడమకే తిరిగింది. కానీ అది ఒరగగానే నా ఒళ్ళు కుడికి జరిగింది, నాకు భయం వేసి బ్రేకు తొక్కాను, సరాసరి కుప్పలోకి పోయాను. మెడ దాకా మిరపకాయలు. కళ్ళు మండిపోయి నేను అరుస్తుంటే ఆడవాళ్ళు తుమ్ముతూ నవ్వుతూ పరిగెత్తుకొచ్చారు. జోసఫ్ క్యాను అడుగున మిగిలిన పాలతో నా కళ్ళు కడిగాడు.

"కుప్ప వంక చూశావు, కుప్పలోకి పోయావు" అన్నాడు. "ఎక్కడ పడతామో అని చూడకూడదక్కా. ఎటు పోవాలో అటు చూడాలి. తగ్గించేదేదో మలుపు రాకముందే తగ్గించు. మలుపులోకి దిగాక బ్రేకు ముట్టుకోకు. సగం తిరిగాక కుడి పిడి మెలేసి కొంచెం రైజు ఇవ్వు, అదే లేచి నిలబడుద్ది."

మాటలు తేలిక. ఇరవై ఎనిమిదేళ్ళ ఒళ్ళు వింటుందా? అది ఒరిగినప్పుడల్లా నా నడుం రెండో పక్కకి లాగేది. ఐదు శుక్రవారాలు దానితోనే పోట్లాట. చివరికి జోసఫ్ మూత లేని చిన్న పాల క్యానులో నీళ్ళు నింపి వెనకాల కట్టాడు. "ఈ నీళ్ళు ఎట్లా కూర్చుంటయ్యో నువ్వు అట్లా కూర్చో. అటు జరగొద్దు, ఇటు జరగొద్దు. బండి ఎటు పోతే అటు పో." మొదటి రోజు నీళ్ళన్నీ నా వీపు మీదే. ఎనిమిదో శుక్రవారం ఆరు కుప్పల చుట్టూ తిరిగి వచ్చి దిగితే క్యాను నిండుగా అలాగే ఉంది. ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఆ రోజు నేను నడుచుకుంటూ ఇంటికి రాలేదు, తేలుతూ వచ్చాను.

మీ తాత మాత్రం ట్యాంకు మూత తీసి లోపలికి చూసి తల గోక్కునేవారు. "నిలబడి కూడా పెట్రోలు తాగుతందే ఇది!"

"ముసలిదై పోయింది, దాహం ఎక్కువ" అన్నాను.

మంచి సమయం చూసి అడుగుదామని ఆగాను. అడిగే లోపల ఇంకొకటి జరిగింది.

ఒక బుధవారం చెంచురామయ్య గారి పొలంలో చివరి పత్తి తీతకి వెళ్ళాను. సాగర్ కాలువ పక్కన, ఐదో మలుపు దగ్గర ఆ పొలం. ఎండ చల్లబడే వేళ మోటారు సైకిలు చప్పుడు వినపడింది. మీ తాతే. తిన్నగా వస్తున్నారు, విల్లు పక్కన ఊగుతోంది. ఎలా తిరుగుతాడో చూద్దామని పత్తి చెట్ల మధ్య కూర్చుండిపోయాను.

తిరగలేదు, అర్ఫా. మలుపుకి నాలుగు బారల ముందు ఆపారు. ఇంజను కట్టేశారు. దిగారు. రెండు చేతులతో పిడులు పట్టుకుని, అంత బరువునీ తోసుకుంటూ మలుపు దాటించారు. అలిసిపోయిన ఎద్దును నీళ్ళకి నడిపించినట్టు. దానితో మాట్లాడుతున్నారు కూడా. "రా నాయనా. మెల్లగా. ఇంకొంచెం. అయిపోయింది." మా ఎద్దులతో కూడా అవే మాటలు. మలుపు దాటాక చెమట తుడుచుకుని, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని మళ్ళీ తన్నారు. మొదటిసారి లేవలేదు. మూడోసారి లేచింది. రెండు పొలాల అవతల నాలుగో మలుపు దగ్గర చప్పుడు మళ్ళీ ఆగిపోయింది.

పదకొండు మలుపులు. పోయేటప్పుడు పదకొండు, వచ్చేటప్పుడు పదకొండు. మళ్ళీ అవతలి ఊళ్ళలో ఎన్నో. ఆరు నెలల నుంచి.

పత్తి నా ఒళ్ళోనే ఉంది. ఆయన నన్ను వద్దనుకుని వెళ్ళిపోతున్నాడని ఎన్ని రాత్రులు గోడ వైపు తిరిగి పడుకున్నానో. ఆయన ఇలా తోసుకుంటున్నాడు. వెనకాల నేనుంటే ప్రతి మలుపులో నన్ను దిగమనాలి, నా ఎదుట తోసుకోవాలి. అది ఆ మనిషి వల్ల అయ్యే పనా? ఊరికి తెలిసినా ఓర్చుకుంటాడేమో, నాకు తెలిస్తే ఓర్చుకోలేడు. లేచి ఆయన ముందుకు వెళ్ళి నిలబడలేదు నేను. పొలం మీదుగా అడ్డంగా నడిచి, ఆయన కంటే ముందే ఇంటికి చేరి, నీళ్ళు కాచి పెట్టాను. వచ్చి, "పని ఎక్కువైందే" అన్నారు. "అవును, కనపడుతూనే ఉంది" అన్నాను. భుజాలకి ఆముదం రాసి పట్టాను ఆ పూట.

నాకు వచ్చింది ఆయనకి ఎలా ఇవ్వాలి? నేను తోలి చూపిస్తే చచ్చినంత పనవుతుంది ఆయనకి. రెండు రోజులు అదే ఆలోచించాను. శనివారం పొద్దున ఆయన మూట కడుతుంటే వెళ్ళి మూట తీసి నా చంకలో పెట్టుకుని, రెండు కాళ్ళూ అటొకటి ఇటొకటి వేసి ఎక్కి కూర్చున్నాను.

"ఏందే ఇది, మగాడి మాదిరి! దిగు!"

"తారురోడ్డు దాకా తీసుకుపో. అక్కడ బస్సెక్కి నస్రత్‌ని చూసొస్తాను. నెలలు నిండుతున్నయ్యి దానికి."

నీ పేరు చెప్పి గెలిచాను, చూశావా. ఆయన బండి తన్ని బయలుదేరారు. మొదటి మలుపు దూరం నుంచి కనపడుతోంది. ఆయన భుజాలు కర్రల్లా బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. మెల్లగా ఆపారు.

"దిగు. ఇక్కడ రోడ్డు బాలేదు."

"దిగను. దిగితే మళ్ళీ ఎక్కనివ్వవు నువ్వు."

"పడతామే రహీమా."

"పడితే పడదాం. ఇదే చోట ఒకసారి పడ్డాం కదా, ఏమైంది?"

ఆయన వెనక్కి తిరగలేదు. రోడ్డు వంకే చూస్తూ అన్నారు. "నీ మోచేతి రక్తం నా చొక్కా మీద అట్టానే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ చొక్కా తొడుక్కోను, పారెయ్యను. నీకు తెలవదు."

ఆరు నెలలుగా నేను అడగకుండా అడుగుతున్న దానికి జవాబు అది. మూటని మా ఇద్దరి మధ్యా ఇరికించాను. తర్వాత నా రెండు చేతులూ ఆయన రెండు భుజాల మీద వేశాను.

"నేను చెప్పినట్టు చెయ్యి. మలుపు చివర, ఆ తుమ్మ చెట్టు అవతల రోడ్డు కనపడుతుందే, దాన్నే చూడు. ఇంకేం చూడొద్దు. నేను ఏ భుజం నొక్కితే ఆ చెయ్యి ముందుకు నెట్టు."

"నీకెవరు చెప్పారే?"

"తోలవయ్యా!"

తోలారు. మలుపు దగ్గరికి రాగానే "తగ్గించు" అన్నాను, తగ్గించారు. ఎడమ భుజం నొక్కాను. ఆయన చెయ్యి నెట్టింది. మోటారు సైకిలు ఎడమకి ఒరిగింది, నేల మా వైపు వచ్చింది, గట్టు మీది గడ్డి నా చీర అంచుకి తగిలినట్టే అనిపించింది. నా నడుం కదల్లేదు. ఒరిగాను, ఆయనతో పాటు, ఆయన ఎంత ఒరిగితే అంత. "రైజు ఇవ్వు" అన్నాను చెవిలో. ఇచ్చారు. లేచి నిలబడింది. రోడ్డు తిన్నగా మా ముందు ఉంది.

రెండో మలుపు కుడికి, కుడి భుజం నొక్కాను. మూడోది, నాలుగోది. ఐదో మలుపు, కాలువ పక్కది, వచ్చినప్పుడు నా కళ్ళలో నీళ్ళు నిండిపోయి ముందు ఏమీ కనపడలేదు, అయినా సరిగ్గానే నొక్కాను. ఏడో మలుపు దగ్గర నేను నొక్కే లోపలే ఆయన చెయ్యి నెట్టింది. ఇక నేను ఊరికే భుజాల మీద చేతులు వేసుకుని కూర్చున్నాను. పదకొండోది దాటేటప్పటికి ఆ మనిషి, యాభై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు.

తారురోడ్డు దగ్గర ఆపి, ట్యాంకు మీద చెయ్యి వేసి తట్టారు. "శుక్రవారాల పూట నా పెట్రోలు ఎటు పోతందో ఇప్పుడు తెలిసిందే."

నేను తల దించుకున్నాను.

"బస్సు వస్తంది, ఎక్కుతావా?"

"నస్రత్‌ని రేపు చూస్తాను" అన్నాను.

"అయితే మూట సరిగ్గా పట్టుకో. ఇనకొల్లు దాకా పోవాలి. నాలుగు పరుపులున్నయ్యి, నా కుట్లు చూసి అక్కడి ఆడోళ్ళు తన్నేట్టున్నారు."

ఆ తర్వాత ఆరేళ్ళు తిరిగాం. వానలో తిరిగాం, ఎండలో తిరిగాం. చిరిగి చివికిపోయిన పరుపులకి కూడా నేను సరైన కుట్టు వేశాను. నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని వెనకాల, ఆయన "ఊఁ" కొడుతూ ఉండేవారు. మలుపు వస్తే మాత్రం ఇద్దరం నోరు మూసేవాళ్ళం. ఒరిగి, తిరిగి, లేచాక, ఆగిన మాట ఆగిన చోటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆయన్ని పత్తి చెట్ల మధ్య నుంచి చూసిన సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. రెండు వేల ఐదులో ఆయన పోయారు. ఛాతీలో నొప్పన్నారు, అంతే, గుంటూరు తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. చెప్పాల్సిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. చెప్పకపోవడమే మంచిదనిపిస్తుంది ఇంకోసారి.

ఇప్పుడు నేను ఎక్కడికి పోవాలన్నా ఆటో ఉంది, బస్సు ఉంది. మీ నాన్న వాసిం కారు మాట్లాడతానంటాడు. ఎక్కుతాను, కాదనను. కానీ అర్ఫా, ఆటో వంగదు. మలుపు వస్తే మనిషిని పక్కకి విసిరి తను తిరుగుతుంది. బస్సూ అంతే. కమ్మీ పట్టుకుని కూర్చోవాలి, మన బరువు మనమే మోసుకోవాలి. ఎవరితోనైనా కలిసి నేలకి ఒరిగి, పడకుండా లేవడం ఇక నాకు ఎక్కడ దొరుకుతుంది చెప్పు? మార్టూరు రోడ్డులో ఆటో మలుపు తిరిగినప్పుడల్లా నా ఒళ్ళు అటు ఒరగబోతుంది. పక్కనున్నవాళ్ళు, "ఏంది పెద్దమ్మా, నిద్రొస్తందా?" అంటారు. అవునంటాను.

నాకు చదువు రాదు, రాసి పెట్టుకోలేను. నువ్వు బళ్ళో చదువుతున్నావు, నీ బుర్ర మంచిది, అందుకని నీకు చెప్పాను. జోసఫ్ పేరు మర్చిపోకు, వెంకటరావమ్మ పేరూ మర్చిపోకు, వాళ్ళు నోరు విప్పి ఉంటే నా పని అయిపోయేది. రేపు నీకు పిల్లలు పుట్టాక, వాళ్ళు కాస్త పెద్దయ్యాక, ఒక పూట కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. వాళ్ళ ముత్తాత ఆరు నెలలు ఎలా తోసుకున్నాడో అదీ దాచకు, ఇప్పుడు ఆయన సిగ్గుపడడు. నేను ఏదైనా వదిలేసి ఉంటే రేపు గుర్తు చేసి అడుగు, చెప్తాను. ఇప్పుడు ఒకసారి నాకు తిరిగి చెప్పు, ఎంత గుర్తుందో చూద్దాం. మొదటి మలుపు ఎటు?